ప్యాసింజరా, ఎక్స్‌ప్రెస్సా? – విద్యార్థి ప్రయాణపు లెక్క

కాలాన్ని గురించి మన భాషలో రెండు సామెతలు పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి వాదులాడుకొంటూ ఉంటాయి. ‘నిదానమే ప్రధానం’ అని ఒకటి అంటే, ‘ఆలస్యం అమృతం విషం’ అని రెండవది అంటుంది. ఉర్దూలో ‘జల్దీ కా కామ్ షైతాన్ కా’ అన్న నానుడి మొదటి దాని పక్షం. గద్వాల స్టేషనులో టికెట్ కౌంటరు ముందు వరుసలో నిలబడిన విద్యార్థికి ఈ మూడింటిలో ఏదీ తీర్పు చెప్పదు. అతని జేబులో లెక్క కట్టి తెచ్చుకొన్న రూపాయలు ఉంటాయి. ఎదుట రెండు బండ్లు ఉంటాయి. ఒకటి ప్రతి ఊరినీ పలకరించుకొంటూ పోయే ప్యాసింజరు. రెండవది పెద్ద ఊళ్ళలో మాత్రమే ఆగే ఎక్స్‌ప్రెస్సు. ఏది ఎక్కవలెను?

చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని మన విద్యార్థులలో అధికభాగం రూపాయి రూపాయికి లెక్క చూసుకొనే కుటుంబాల నుంచి వస్తున్నవారు. పరీక్షలకు, ప్రవేశాలకు, సెలవులకు, పెళ్ళిళ్ళకు ఏడాదిలో ఎన్నోమార్లు ఈ ప్రశ్న వారి ముందుకు వస్తుంది. అందుచేత దీనిని ఒక పాఠంగా తీసుకొని పరిశీలించడం అవసరమని తలచాము. ఈ విషయంలో మేము చేసిన పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాని చోట చెప్పుకొంటాము.

ముందుగా మన ప్రాంతంలో రైలు ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో చూడవలసి ఉన్నది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడ్డాయి. ఈ మూడు జిల్లా కేంద్రాలలో ఊరిలోనే రైల్వే స్టేషను ఉన్నది గద్వాలకు మాత్రమే. కాచిగూడ నుంచి బయలుదేరిన బండి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్డు మీదుగా వచ్చి, కృష్ణానది దాటి గద్వాలకు చేరుతుంది. అక్కడి నుంచి అలంపూర్ రోడ్డు మీదుగా పోయి, తుంగభద్ర దాటి కర్నూలు, డోన్ వైపు సాగిపోతుంది. నిజాం కాలంలో వేసిన ఈ మార్గం 1990ల దశకంలో మీటర్‌గేజి నుంచి బ్రాడ్‌గేజిగా మారింది. 2013లో రాయచూరు లైను పూర్తి కావడంతో గద్వాల జంక్షను కూడా అయింది.

వనపర్తి సంగతి వేరు. ‘వనపర్తి రోడ్డు’ అన్న పేరులోని ‘రోడ్డు’ అనే మాటను మన విద్యార్థులు జాగ్రత్తగా చదవవలెను. రైల్వేవారు ఒక స్టేషనుకు ఊరి పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించారంటే, ఆ ఊరు అక్కడ లేదనీ, అక్కడి నుంచి ఊరికి దారి ఉన్నదనీ అర్థం. ఆ స్టేషను మదనాపురం దగ్గర ఉన్నది. వనపర్తి పట్టణానికి అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకొని పోవలసిందే. అలంపూరుదీ అదే కథ. ఇక నాగర్‌కర్నూలుకు రైలే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా మాచర్లకు లైను వేయవలెనన్న కోరిక దశాబ్దాల నాటిది. అది కోరికగానే ఉన్నది. నాగర్‌కర్నూలు విద్యార్థి రైలు ఎక్కవలెనంటే ముందుగా బస్సులో జడ్చర్లకో, మహబూబ్‌నగర్‌కో చేరుకోవలెను. ఈ భౌగోళిక విషయం మన పాఠానికి పునాది వంటిది. రైలు ఎంత వేగంగా పోతుందన్నది ఒక లెక్క. మన గడప నుంచి మనం చేరవలసిన గడప దాకా ఎంతసేపు పడుతుందన్నది వేరొక లెక్క.

ఇప్పుడు బండ్ల జాతులను గుర్తుపట్టడం నేర్చుకొందాము. రైలు నంబరుకు అయిదు అంకెలు ఉంటాయి. 2010 డిసెంబరు నుంచి ఈ పద్ధతి అమలులో ఉన్నది. అందులో మొదటి అంకె చాలా సంగతులు చెబుతుంది. 5తో మొదలైతే మామూలు ప్యాసింజరు, 6 అయితే మెము, 7 అయితే డెము. ఈ మూడూ ప్రతి చిన్న స్టేషనులోనూ ఆగేవే. 1తోగాని 2తోగాని మొదలైతే అది దూరప్రయాణపు బండి. వాటిలో 12, 20, 22 అంకెలతో మొదలయ్యేవి సాధారణంగా సూపర్‌ఫాస్టు బండ్లు. సికింద్రాబాదు, కర్నూలుల మధ్య తిరిగే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్సు నంబరు 17తో మొదలవుతుంది. కనుక అది ఎక్స్‌ప్రెస్సే గాని సూపర్‌ఫాస్టు కాదు. 0తో మొదలయ్యేది ప్రత్యేక రైలు. ఆ సున్నాను చూసి ఏమీ లేదనుకోరాదు. కొవిడ్ కాలంలో 2020 మార్చిలో ఆగిపోయిన ప్యాసింజర్లు తిరిగి వచ్చినప్పుడు నంబరు ముందు ఆ సున్నా పెట్టుకొని, ఎక్స్‌ప్రెస్సు ఛార్జీతో వచ్చాయి. బండి అదే, ఆగే ఊళ్ళు అవే, నిదానమూ అదే. కనీస ఛార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30 రూపాయలకు పెరిగింది. నిదానంగా పోతూ వేగానికి వెల చెల్లించిన ఆ విచిత్రకాలం 2024 ఫిబ్రవరి చివరన ముగిసింది. పాత ఛార్జీలు తిరిగి వచ్చాయి.

కాబట్టి నేటి లెక్క ఇట్లా ఉన్నది. ప్యాసింజరులో కనీస టికెట్టు 10 రూపాయలు. ఎక్స్‌ప్రెస్సు జనరల్ బోగీలో కనీసం 30. ఆ బండి సూపర్‌ఫాస్టు అయితే రెండవ తరగతికి మరొక 15 రూపాయలు, స్లీపరుకు 30 రూపాయలు అదనం. వనపర్తి రోడ్డు నుంచి గద్వాలకు పోయేటంత చిన్న ప్రయాణానికి ప్యాసింజరులో పది రూపాయలు చాలినచోట సూపర్‌ఫాస్టులో నలభై అయిదు కావలెను. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా నిష్పత్తి తగ్గుతుంది. గద్వాల నుంచి కాచిగూడకు సుమారు 180 కిలోమీటర్లు. అంత దూరానికి ప్యాసింజరు ఛార్జీ ఎక్స్‌ప్రెస్సు ఛార్జీలో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 2025లో జూలై 1న ఒకసారి, డిసెంబరు 26న మరొకసారి ఛార్జీలు పెరిగినా, మామూలు రెండవ తరగతిలో 215 కిలోమీటర్ల లోపు ప్రయాణాన్ని ఆ రెండు పెంపులూ తాకలేదు. ఎక్స్‌ప్రెస్సులకు మాత్రం కిలోమీటరుకు కొన్ని పైసల చొప్పున పెరిగింది. అనగా మన విద్యార్థి హైదరాబాదుకు పోయేటంత దూరంలో ఈ రెండు బండ్ల మధ్య ఎడం ఆ ఏడాది మరికొంచెం పెరిగిందన్నమాట.

సూపర్‌ఫాస్టు అన్న బిరుదు ఎట్లా వస్తుందో కూడా తెలిసికొనవలెను. బ్రాడ్‌గేజి మీద పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు ఉంటే ఆ బండి సూపర్‌ఫాస్టు. యాభై అయిదంటే జాతీయ రహదారి మీద మన బస్సు పోయే వేగం కంటె గొప్పదేమీ కాదు. పైగా ఆ వేగం టైంటేబులులో ఉంటే చాలు. పట్టాల మీద ప్రతిరోజూ ఉండవలెనన్న నియమం లేదు. 2017లో వెలువడిన కాగ్ నివేదికలో ఈ సంగతి బయటపడింది. దక్షిణ మధ్య, ఉత్తర మధ్య రైల్వేలలో 2013–16 మధ్య 21 సూపర్‌ఫాస్టు రైళ్ళు అనేక దినాలు ఆ వేగం అందుకోలేదనీ, అయినా ఆ పేరిట 11.17 కోట్ల రూపాయలు వసూలైనాయనీ ఆ నివేదిక చెప్పింది. మన మార్గం దక్షిణ మధ్య రైల్వేలోనిదే. కాబట్టి పేరులోని వేగానికి డబ్బు చెల్లించే ముందు, ఆ బండి మన స్టేషనుల మధ్య ఎంతసేపు తీసుకొంటున్నదో టైంటేబులులో చూసుకొనవలెను. ఒక్కొక్కప్పుడు సూపర్‌ఫాస్టుకూ మామూలు ఎక్స్‌ప్రెస్సుకూ తేడా పది పదిహేను నిమిషాలే ఉంటుంది.

మరి నిదానపు బండి ఎందుకు నిదానంగా పోతుంది? ‘ఇంజను బలహీనం’ అని మన పిల్లలు అనుకొంటారు. అది సరికాదు. ప్రతి స్టేషనులోనూ వేగం తగ్గించుకోవడం, ఆగడం, మళ్ళీ వేగం అందుకోవడం అన్నది కొంత కారణం. అంతకంటె పెద్ద కారణం క్రాసింగు. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండవ లైను పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా రెండవ లైనుకు 2023 ఆగస్టులోనే మంజూరు లభించింది. సింగిల్ లైను మీద ఎదురుగా బండి వస్తున్నప్పుడు రెండింటిలో ఒకటి స్టేషనులోని లూప్ లైనులోకి తప్పుకొని నిలబడవలెను. వెనుక నుంచి ఎక్స్‌ప్రెస్సు వస్తున్నా దారి ఇవ్వవలెను. ఎవరు తప్పుకొంటారు? పెళ్ళివారింట పేద చుట్టం ఎవరికి చోటు ఇస్తాడో, ఇక్కడా అంతే. ప్యాసింజరే తప్పుకొంటుంది. ఎక్స్‌ప్రెస్సు ఆలస్యంగా వస్తే, దాని ఆలస్యం కూడా ప్యాసింజరు ఖాతాలోనే పడుతుంది. ఇది గ్రహించిన విద్యార్థికి ఒక ముఖ్యమైన సంగతి బోధపడుతుంది. ఎక్స్‌ప్రెస్సు ఎంత ఆలస్యమవుతుందో కొంతవరకు ఊహించవచ్చును. ప్యాసింజరు ఎంత ఆలస్యమవుతుందో ఊహించడం కష్టం. దాని ఆలస్యం దాని చేతిలో లేదు.

ఇక మా పొరపాటు సంగతి చెప్పుకొందాము. కొవిడ్‌కు ముందటి మాట. వనపర్తికి అవతల ఒక పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు డిగ్రీ మూడవ సంవత్సరంలో మా తరగతిలో ఉండేవాడు. తండ్రి మేస్త్రీ పనికి ముంబయికి వలస పోయినవాడు. పాలమూరు నుంచి అట్లా పోయినవారు ఎందరో మనకు తెలియనిది కాదు. ఆ అబ్బాయికి హైదరాబాదులో ప్రవేశ పరీక్ష పడింది. పరీక్ష మధ్యాహ్నం. ముందురోజు మా దగ్గరకు వచ్చి, “సార్, ఎక్స్‌ప్రెస్‌కు పోవాల్నా, ప్యాసింజర్‌కు పోవాల్నా?” అని అడిగాడు. మేము గోడ మీది కాగితం చూసి, “ప్యాసింజర్ చాలు నాయనా. పరీక్షకు రెండు గంటల ముందే దిగుతావు. మిగిలిన డబ్బుతో కడుపునిండా అన్నం తిను” అన్నాము. మంచి సలహా ఇచ్చామనే ఆ పూటకు మాకు తృప్తి కలిగింది.

తెల్లవారి బండి అందుకోవలెనంటే ఆ వేళకు పల్లె నుంచి బస్సు లేదు. అందుచేత అతడు ముందురాత్రే వనపర్తి రోడ్డు స్టేషనుకు వచ్చి బల్ల మీద పడుకొన్నాడు. బండి వేళకే వచ్చింది. తరువాత ఒకచోట ఎదురుబండి కోసం నిలబడింది. మరొకచోట వెనుకబండికి దారి ఇచ్చింది. నగరం దగ్గర పడిన తరువాత ఔటరులో నిలబడింది. బోగీలో ఉన్నవారు దిగి పట్టాల పక్కన నడవడం మొదలుపెట్టారట. అతడు కూడా దిగి, రోడ్డెక్కి, రెండు బస్సులు మారి, చివరికి పరుగెత్తి పోయేసరికి గేటు మూసి ఉన్నది. సాయంత్రం తిరుగుబండిలో వచ్చాడు. మరునాడు స్టాఫ్ రూములోకి వచ్చి, “పోయింది సార్” అని మాత్రం అన్నాడు. మమ్ములను ఒక్క మాట అనలేదు. అననందుకే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చింది.

ఆ రోజు అతడు పొదుపు చేసినది ముప్పై రూపాయలకు అటూ ఇటూ. పోగొట్టుకొన్నది పరీక్ష రుసుము, ఒక సంవత్సరం. తప్పు బండిది కాదు. సింగిల్ లైను మీద ప్యాసింజరు ఎట్లా నడుస్తుందో అట్లాగే నడిచింది. తప్పు మా లెక్కలో ఉన్నది. మేము ఛార్జీని చూశాము, టైంటేబులులోని గంటను చూశాము. ఆ గంట తప్పితే ఏమవుతుందన్నది చూడలేదు.

అప్పటి నుంచి మేము విద్యార్థులకు చెబుతున్నది ఏమంటే, ఒకే మార్గంలో పోయే ప్రయాణానికి ఒక లెక్క, వచ్చే ప్రయాణానికి వేరొక లెక్క వేయవలెను. పోయేటప్పుడు అవతల ఎవరో గడియారం పట్టుకొని మన కోసం కూర్చుని ఉంటారు. అది పరీక్ష కావచ్చును, ఇంటర్వ్యూ కావచ్చును, ఆసుపత్రి చీటీ కావచ్చును. వచ్చేటప్పుడు మన కోసం ఎదురుచూసేది అమ్మ. ఆమె రెండు గంటలు ఆగుతుంది. కావున పొదుపు చేయదలచినవాడు తిరుగు ప్రయాణంలో చేయవలెను. పోయేటప్పుడు ఎక్స్‌ప్రెస్సు ఎక్కవలెను. లేదా ప్యాసింజరులోనే పోదలచితే ఒక రోజు ముందు పోవలెను. ఒక రోజు ముందు పోగలిగినవానికి, రాత్రి తల దాచుకొనే చోటు ఉన్నవానికి, ప్యాసింజరును మించిన బండి లేదు.

పొదుపును గంటల లెక్కన కొలిచి చూడడం మంచి అలవాటు. ఉదాహరణకు ప్యాసింజరులో 35 రూపాయలు మిగిలి, గంటన్నర ఎక్కువ పట్టిందనుకొందాము. అనగా ఆ కూర్చున్న గంటకు సుమారు 23 రూపాయలు సంపాదించినట్లు. కూలిపని చేసే మనిషికి ఇది నష్టం. ఒక పూట పని పోతుంది. పుస్తకం తెరిచి కూర్చున్న విద్యార్థికి ఇది లాభం. అయితే పుస్తకం తెరవడానికి ముందు కూర్చునే చోటు కావలెను. బెంగుళూరు, తిరుపతి వంటి దూరపు ఊళ్ళ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్సు గద్వాలకు చేరేసరికి జనరల్ బోగీ నిండి ఉంటుంది. తలుపు దగ్గర సంచి మీద కూర్చున్నవాడు అదృష్టవంతుడు. గద్వాలలోనే బయలుదేరే ప్యాసింజరు అయితే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. మూడు గంటలు నిలబడి పోవడమా, నాలుగున్నర గంటలు కూర్చుని పోవడమా అన్నదే అసలు ప్రశ్న. దీనికి అందరికీ ఒకే జవాబు చెప్పలేము. మాకు మాత్రం నలభై దగ్గరపడుతున్నకొద్దీ రెండవదే నచ్చుతున్నది.

గడప నుంచి గడపకు అన్నామే, దానిని వనపర్తి విద్యార్థి మరింత జాగ్రత్తగా పాటించవలెను. ఎక్స్‌ప్రెస్సు అర్ధరాత్రి దాటిన తరువాత వనపర్తి రోడ్డులో దింపితే అప్పుడు బస్సు ఉండదు. ఆటోకు రెండు వందలు అడిగితే, వేగానికి చెల్లించినదీ పోయి, దానిమీద పొదుపు చేసినదీ పోతుంది. లేదా తెల్లవారేదాకా స్టేషనులో కూర్చోవలెను. రాత్రి రెండు గంటలకు దిగి ఆరింటి దాకా కూర్చున్నవాని బండి ఆరింటికి వచ్చిన బండితో సమానమే గదా. విద్యార్థినుల విషయంలో ఇది ఖర్చు సంగతి మాత్రమే కాదు. వెలుతురు ఉండగా దింపే బండి ఏదైతే అదే వారికి మంచి బండి. తల్లిదండ్రులు కూడా పిల్లలకు టికెట్టు కొనేటప్పుడు బయలుదేరే వేళను చూస్తారు గాని దిగే వేళను చూడరు.

కొన్నిచోట్ల నిదానపు బండే ముందుగా చేర్చుతుంది. ఇది విరోధాభాసంగా తోచవచ్చును. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ, యశ్వంతపూరుల మధ్య వందే భారత్ ప్రారంభమైంది. ప్రారంభమైన నాటి విరామ స్థానాలలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం ఉన్నాయి, గద్వాల లేదు. మన ఊరి మీదుగా ఎంత వేగంగా పోయినా ఆగని బండి మనకు మేఘం వంటిది. కురిసినప్పుడే దాని ఉపయోగం. ఫలక్‌నుమా దగ్గర పని ఉన్నవాడు ఎక్స్‌ప్రెస్సులో కాచిగూడ దాకా పోయి వెనుకకు రావడం కంటె, అక్కడ ఆగే ప్యాసింజరులో దిగిపోవడం మేలు. మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలి పోవలసినవారు కాచిగూడలో దిగి, 2003 నుంచి నడుస్తున్న ఎం.ఎం.టి.ఎస్. బండ్లలో హైటెక్ సిటీ దాకా పోవచ్చును. అందులో కనీస ఛార్జీ 5 రూపాయలు మాత్రమే. అయితే ఆ బండ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండే వేళలు కూడా కలవు. పరీక్ష రోజున వాటిని నమ్ముకొనేవారు మేము పైన చెప్పిన కథను మరొకసారి చదువవలెను.

టికెట్టు విషయంలో రెండు మూడు మాటలు. ప్యాసింజరు టికెట్టు తీసుకొని, ముందుగా వచ్చిందని ఎక్స్‌ప్రెస్సు ఎక్కడం మన పిల్లలలో తరచుగా కనిపించే తప్పు. ఆ టికెట్టు ఆ బండికి చెల్లదు. ఛార్జీలో తేడాతోపాటు కనీసం 250 రూపాయలు జరిమానా పడుతుంది. ఎక్స్‌ప్రెస్సు జనరల్ టికెట్టుతో స్లీపరులో కూర్చున్నా అంతే. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టు కొన్న మూడు గంటల లోపల గాని, ఆ లోపల బండి లేకపోతే తరువాత వచ్చే మొదటి బండికి గాని ప్రయాణం మొదలుపెట్టవలెను. గద్వాల–కాచిగూడ ఈ హద్దు లోపలిదే. కాబట్టి పొద్దున్నే టికెట్టు కొని సాయంత్రం బయలుదేరుదామంటే కుదరదు. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే మూడు రోజుల ముందు కొనవచ్చును. స్లీపరుకు కనీసం 200 కిలోమీటర్ల ఛార్జీ పుచ్చుకొంటారు గనుక, గద్వాల నుంచి కాచిగూడకు స్లీపరు తీసుకొన్నవాడు ప్రయాణించని ఇరవై కిలోమీటర్లకు కూడా చెల్లిస్తాడు.

దూరప్రయాణాలలో మరొక సూక్ష్మం ఉన్నది. రైలు ఛార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. అందుచేత ఢిల్లీకో, ముంబయికో పోవలసినవాడు గద్వాల నుంచి కాచిగూడకు ఒక టికెట్టు, అక్కడి నుంచి మరొక టికెట్టు కొనడం కంటె, వీలున్నచోట మొదటి నుంచి చివరిదాకా ఒకే టికెట్టు తీసుకోవడం చౌక. అంత దూరానికి ప్యాసింజర్ల మీద ప్యాసింజర్లు మారుతూ పోయే సాహసం మాత్రం వద్దు. ఒక రాత్రి తిండి ఖర్చుతోనే ఆ పొదుపు కరిగిపోతుంది.

రాయితీల సంగతి మన విద్యార్థులకు తెలియకపోవడం విచారకరం. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతో సహా అనేక రాయితీలను నిలిపివేసినా, విద్యార్థుల రాయితీ నిలిచి ఉన్నది. స్వగ్రామానికి పోవడానికి, విద్యాయాత్రలకు రెండవ తరగతిలోనూ స్లీపరులోనూ మూల ఛార్జీలో సగం తగ్గింపు ఉన్నది. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి తగ్గింపు నూటికి 75. వయఃపరిమితి సాధారణంగా 25 ఏళ్ళు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 27, పరిశోధకులకు 35. సూపర్‌ఫాస్టు రుసుము మీద తగ్గింపు లేదు. అది పూర్తిగా చెల్లించవలెను. రోజూ వచ్చిపోయేవారికి 150 కిలోమీటర్ల లోపు సీజన్ టికెట్టు ఉన్నది. నెల టికెట్టు సుమారు పదిహేను ప్రయాణాల ఖరీదుకు వస్తుంది. అందులోనూ విద్యార్థులకు సగం తగ్గింపు. డిగ్రీ దాకా చదివే బాలికలకు, 12వ తరగతి దాకా చదివే బాలురకు, మదరసా విద్యార్థులతో సహా, ఇంటి నుంచి విద్యాలయానికి రెండవ తరగతి నెల టికెట్టు ఉచితం. ఇన్ని ఉన్నా, కౌంటరు దగ్గర పూర్తి డబ్బు చెల్లించి పోయేవారే ఎక్కువ. కారణం, సంతకం చేసిన పత్రం చేతిలో లేకపోవడమే. కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. రాయితీ పత్రాలు కార్యాలయంలో సిద్ధంగా ఉండి, అడిగిన రోజునే సంతకం దొరికే ఏర్పాటు చేస్తే, అది పేద విద్యార్థికి ఉపకారవేతనంతో సమానం. ప్రవేశ పరీక్షల కాలంలో బండ్ల వేళల కాగితం నోటీసుబోర్డు మీద పెట్టేటప్పుడు, పక్కన ‘ఇది ప్యాసింజరు, నమ్మి పరీక్షకు పోరాదు’ అని ఒక వాక్యం కూడా వ్రాయించితే బాగుండును.

బస్సును మరచి రైలును గురించి మాత్రమే మాట్లాడడం నాగర్‌కర్నూలువారికి అన్యాయం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. దానితో లెక్కలన్నీ తారుమారైనాయి. ఒకే ఇంటి నుంచి అన్న, చెల్లెలు హైదరాబాదుకు పోతే, చెల్లెలికి బస్సు ఉచితం, అన్నకు రైలు చౌక. ఇద్దరూ వేరువేరుగా పోయి ఊరిలో కలుసుకోవడం మేము చూశాము. అయితే ఆ సౌకర్యం రాష్ట్రపు హద్దు దాకానే. గద్వాల నుంచి కర్నూలు పోయే విద్యార్థిని తుంగభద్ర ఇవతలి దాకానే ఉచితంగా పోగలదు. అక్కడి డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి పోవలసినవారికి ప్యాసింజరు ఇంకా మంచి మార్గమే. నాగర్‌కర్నూలు విద్యార్థి జడ్చర్ల దాకా బస్సులో వచ్చి, అక్కడ ప్యాసింజరు కోసం గంటసేపు కాచుకోవడంలో అర్థం లేదు. అదే బస్సులో కూర్చుంటే తిన్నగా హైదరాబాదులో దిగుతాడు.

గాంధీజీ 1915లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చిన తరువాత మూడవ తరగతి బోగీలలో దేశమంతా తిరిగి, అక్కడి ఇరుకును, మురికిని గురించి 1917లో వ్యాసం వ్రాశారు. 1974లో మూడవ తరగతి అన్న పేరు పోయింది. జనం పోలేదు. పాలమూరు వలస కూలీలు ముంబయికి, పూనాకు పోయే జనరల్ బోగీని ఒకసారి చూసినవానికి, పేదవాని ప్రయాణంలో చౌక అన్నది ఎంపిక కాదని, అది ఒక్కటే ఉన్న దారి అని అర్థమవుతుంది. మన విద్యార్థికి కనీసం రెండు బండ్ల మధ్య ఎంచుకొనే వీలున్నది.

ఆ అబ్బాయి మరుసటి ఏడు మళ్ళీ పరీక్షకు పోయాడు. ఈసారి మమ్ములను అడగలేదు. ముందురోజు మధ్యాహ్నపు ప్యాసింజరులో పోయి, ఫలక్‌నుమాలో దిగి, మేనమామ ఇంట్లో పడుకొని, తెల్లవారి నడుచుకొంటూ పోయి పరీక్ష వ్రాశాడు. సీటు వచ్చింది. చదువు పూర్తి చేసి ఇప్పుడు హైదరాబాదులోనే పని చేస్తున్నాడు.

క్రిందటి రంజాన్ సెలవులలో మేము హైదరాబాదు నుంచి ఎక్స్‌ప్రెస్సులో వచ్చి వనపర్తి రోడ్డులో దిగాము. కాచిగూడ నుంచి నిలబడే వచ్చాము. స్టేషను బయట వనపర్తి బస్సు లేదు. గంట దాటిన తరువాత ప్యాసింజరు వచ్చింది. అందులో నుంచి అతడు దిగాడు. చేతిలో ఏదో పుస్తకం, మధ్యలో టికెట్టు గుర్తుగా పెట్టి ఉన్నది. “సార్, మీరు ఏ బండికొచ్చిన్రు?” అని అడిగాడు. చెప్పాము. నవ్వి, మా చేతిలోని సంచి అందుకొన్నాడు. అంతలో బస్సు వచ్చింది. ఇద్దరమూ దానిలోనే వనపర్తికి పోయాము.